రెండు సూర్యోదయముల ప్రయాణము

పల్లెలో బాటసారి “ఫలానా ఊరు ఎంత దూరము?” అని అడిగితే మనవారు మైళ్లు చెప్పరు. “పొద్దెక్కకముందే చేరుతావు” అనో, “ఒక పూట నడక” అనో చెబుతారు. దూరమును కాలముతో కొలుచుట మనకు తరతరాలుగా వచ్చిన అలవాటు. నడక వేగము అందరికీ ఇంచుమించు ఒకటే కనుక ఆ లెక్క పెద్దగా తప్పదు. విమానముల విషయములో మాత్రము ఈ లెక్క అంత సులభము కాదు. రెండు విమానాశ్రయముల నడుమ దూరము ఎన్నటికీ మారదు. ప్రయాణ కాలము మాత్రము మారుతూనే ఉంటుంది. ఎందువలన మారుతుందో తెలియవలెనంటే హిందూ మహాసముద్రముపై 1943లో మొదలైన ఒక విచిత్రమైన విమాన మార్గము చరిత్రను పరిశీలించవలెను.

ఆ మార్గమునకు ఒక కొస ఆస్ట్రేలియా పడమటి తీరమున ఉన్న పెర్త్ నగరము. రెండవ కొస సింహళము, అనగా నేటి శ్రీలంక, దక్షిణ తీరమున ఉన్న కొగ్గల సరస్సు. నడుమ సుమారు 5,650 కిలోమీటర్ల సముద్రము. ఆ దూరమును దాటుటకు అప్పటి విమానమునకు 27 నుండి 33 గంటలు పట్టినది. నేటి పెద్ద జెట్ విమానమునకు ఆ దూరము సుమారు ఏడు గంటల పని. “ఆనాటి విమానములు అంతే పోగలవు కాబోలు” అని పాఠకులు అనుకొనవచ్చును. కాని 1943 నాటికి గంటకు 600 కిలోమీటర్లకు మించి పోయే యుద్ధ విమానములు ఉన్నవి. ఈ మార్గములో తిరిగిన విమానము కూడా తన పూర్తి వేగముతో పోలేదు. తెలిసి తెలిసి నెమ్మదిగా పోయినది. నెమ్మదిగా పోవుటే అది గమ్యము చేరుటకు ఉపాయము.

తెగిపోయిన దారి

రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు, 1938 నాటికి, సిడ్నీ నుండి ఇంగ్లండుకు నీటిపై దిగే విమానములు, అనగా ఫ్లయింగ్ బోట్లు, నడుస్తున్నవి. అవి సింగపూరు, కలకత్తా, అలహాబాదు, కరాచీ మొదలైన చోట్ల ఆగుతూ తొమ్మిది, పది రోజులలో గమ్యము చేరేవి. ప్రతి మజిలీలో ఇంధనము పోసికొనేవి. మజిలీకి మజిలీకి మధ్య దూరము తక్కువ గనుక ఎక్కువ ఇంధనము మోయవలసిన పని లేకపోయినది.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైనది. మరికొన్ని వారములలో జావా కూడ పోయినది. గొలుసులో నడిమి లంకెలు ఊడిపోయినట్లు మజిలీలు మాయమైనవి. ఏప్రిల్ మొదటి వారములో జపాను నౌకాదళము బంగాళాఖాతములోనికి వచ్చినది. ఏప్రిల్ 4న కొగ్గల నుండి గస్తీకి పోయిన ఒక కాటలీనా విమానము ఆ నౌకలను చూచి కొలంబోకు రేడియో ద్వారా హెచ్చరిక పంపినది; శత్రు విమానములు దానిని కూల్చివేసినవి. రెండు రోజుల తరువాత, ఏప్రిల్ 6న, విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు పడినవి. మన తీరవాసులు పట్టణములు వదలి లోపలి గ్రామములకు తరలిపోయిన రోజులవి. ఆస్ట్రేలియా, ఇంగ్లండుల మధ్య ఆకాశ మార్గమును తెంచినదీ, కోస్తా ఆంధ్రమును భయపెట్టినదీ ఒకే యుద్ధపు అల.

ఇటువంటి రోజు రావచ్చునని ఆస్ట్రేలియా ప్రభుత్వము ముందే కొంత ఊహించినది. 1939లో పి.జి. టేలర్ అను వైమానికుడు ‘గూబా’ అను ఫ్లయింగ్ బోటులో కోకోస్ దీవులు, డీగో గార్షియాల మీదుగా ఆఫ్రికా తీరమున ఉన్న మొంబాసా వరకు పోయి సముద్ర మార్గమును పరిశీలించినాడు. పెర్త్, కొగ్గలల నడుమ ఆగదగిన చోటు ఈ కోకోస్ దీవులే. కాని యుద్ధకాలములో అక్కడ క్రమముగా ఆగుట శత్రువు కంటబడుటతో సమానము. ఇక మిగిలినది ఒకటే మార్గము: ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపున సముద్రమును దాటుట.

ఈ పనిని ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ చేపట్టినది. అమెరికాలో తయారైన అయిదు కాటలీనా ఫ్లయింగ్ బోట్లు దానికి లభించినవి. 1943 జూన్ 29న ఈ సేవ ప్రారంభమైనది.

దూరమును లెక్కించుట ఎట్లు?

భూమి గోళము గనుక రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి పటములో గీచిన సరళరేఖ కాదు. బడిలో ఉండే గోళము పైన ఒక దారమును రెండు చోట్ల మధ్య బిగుతుగా పట్టితే అది ఏ గీత వెంట నిలుచునో అదే దగ్గరి దారి. ఆ గీతను పొడిగిస్తే భూమిని రెండు సమభాగములు చేసే వృత్తము వస్తుంది. దానికే మహావృత్తము అని పేరు.

పెర్త్ సుమారు 32 డిగ్రీల దక్షిణ అక్షాంశము, 116 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద ఉన్నది. కొగ్గల 6 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 80 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద ఉన్నది. గోళీయ త్రికోణమితి ప్రకారము గణిస్తే భూకేంద్రము వద్ద ఈ రెండు చోట్ల మధ్య కోణము దాదాపు 51 డిగ్రీలు వస్తుంది. మహావృత్తములో ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు. కనుక ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. హెచ్చించి చూస్తే దూరము సుమారు 5,650 కిలోమీటర్లని తేలుతుంది. ఇది కనిష్ఠ దూరము. మేఘములను తప్పించుకొనుటకు పక్కకు జరిగిన ప్రతిసారి విమానము ఇంతకంటె ఎక్కువే ఎగురుతుంది.

నెమ్మదిగా పోవుట ఎందుకు?

కాటలీనాకు రెండు యంత్రములు, ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గలది. రెక్కల ఈ కొస నుండి ఆ కొసకు పొడవు దాదాపు 32 మీటర్లు. తేలికగా ఉన్నపుడు అది గంటకు 300 కిలోమీటర్లకు పైగా పోగలదు. కాని ఈ మార్గములో అది ఇంచుమించు 200 కిలోమీటర్ల వేగముతోనే ఎగిరినది.

గాలిలో పోయే వస్తువునకు గాలి అడ్డు తగులుతుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి ఇది తెలుసును. వేగము ఒకటిన్నర రెట్లయితే ఈ అడ్డు రెండుంబావు రెట్లవుతుంది. ఇది చూచి “ఎంత నెమ్మదిగా పోతే అంత మేలు కదా” అనుకొనరాదు. విమానము మరీ నెమ్మదిగా పోతే తన బరువును నిలుపుకొనుటకు ముక్కు పైకెత్తి గాలిని మరింత క్రిందికి నెట్టవలెను. అందువలన మరొక రకపు నిరోధము పెరుగుతుంది. ఈ రెంటికి నడుమ, మొత్తము నిరోధము అన్నిటికంటె తక్కువగా ఉండే వేగము ఒకటి ఉన్నది. ఆ వేగమునకు సమీపముగా పోతే కొద్ది ఇంధనముతో ఎక్కువ దూరము పోవచ్చును.

ఈ పొదుపు వేగము కూడ స్థిరముగా ఉండదు. అది బరువు యొక్క వర్గమూలమును బట్టి మారుతుంది. కాటలీనా బయలుదేరునపుడు మొత్తము బరువు సుమారు 16 టన్నులు. అందులో ఇంధనము దాదాపు 9,000 లీటర్లు, అనగా సుమారు ఆరున్నర టన్నులు. ఇంధనమంతా కాలిపోతే మిగిలేది తొమ్మిదిన్నర టన్నులు. లెక్క చూస్తే ప్రయాణము చివర పొదుపు వేగము మొదటి వేగములో మూడు వంతులకు కొంచెము పైగా మాత్రమే ఉండవలెను. బరువు తగ్గుతున్న కొద్దీ వేగము పెంచుటకు బదులు తగ్గించుకొనవలెనన్న మాట!

ఈ మార్గములో ఒక ప్రయాణము 32 గంటల 9 నిమిషములు సాగినది. 9,000 లీటర్లతో అంతసేపు ఎగురవలెనంటే గంటకు 280 లీటర్లకు మించి ఖర్చు కారాదు. దీనిని సాధించుటకు విమానములో అత్యవసరము కాని సామగ్రినంతా తీసివేసినారు. ప్రయాణికులు ముగ్గురికి మించరు. తపాలా 69 కిలోలు మాత్రమే. మనుషులు, తపాలా కలిపి బరువు సుమారు 300 కిలోలనుకొంటే, ఒక కిలో మోయుటకు ఇరవై కిలోలకు పైగా ఇంధనము మోయవలసి వచ్చినది. ఇంత కష్టపడి మోసినది యుద్ధ కార్యములకు సంబంధించిన అధికారులను, సైన్యమునకూ దౌత్య కార్యాలయములకూ చెందిన ఉత్తరములను.

ఇంత భారముతో బయలుదేరిన విమానములో మొదటి గంటలలో ఒక యంత్రము ఆగిపోతే రెండవది దానిని గాలిలో నిలుపలేదు. సముద్రము మీదికి దిగవలసినదే. ఎక్కడ దిగినదీ ఎవరికీ తెలియదు. కారణము, శత్రువు ఆచూకీ పట్టకుండుటకు విమానము నుండి రేడియో సందేశములు పంపుట నిషేధము. వినవచ్చును గాని పలుకరాదు. ఆత్మరక్షణకు తుపాకులు కూడ లేవు.

గాలి చేసే గారడి

వేగము తక్కువైనపుడు గాలి ప్రభావము ఎక్కువగా ఉంటుంది. గంటకు 200 కిలోమీటర్లు పోయే విమానమునకు గాలి లేనప్పుడు 5,650 కిలోమీటర్లు దాటుటకు 28 గంటల 15 నిమిషములు పడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే ఆ కాలము 31 గంటల 23 నిమిషములకు పెరుగుతుంది. అదే గాలి వెనుక నుండి వీస్తే 25 గంటల 41 నిమిషములకు తగ్గుతుంది. తేడా దాదాపు ఆరు గంటలు. గంటకు 900 కిలోమీటర్లు పోయే జెట్ విమానమునకు ఇదే గాలి ఇటూ అటూ కలిపి పదిహేడు నిమిషముల తేడాను మాత్రమే కలిగిస్తుంది.

గాలి పక్క నుండి వీస్తే మరొక చిక్కు. గంటకు 20 కిలోమీటర్ల పక్కగాలి 28 గంటలు వీచితే, దానిని గమనించని విమానము 560 కిలోమీటర్లు పక్కకు కొట్టుకొనిపోతుంది. సింహళ ద్వీపము పొడవు 450 కిలోమీటర్లకు లోపే! అనగా మొత్తము ద్వీపమునే తప్పిపోవచ్చును. అప్పటికి ఇంధనము అడుగంటి ఉంటుంది.

మన నక్షత్రములే వారికి దిక్కు

రేడియోలో దారి అడుగుటకు వీలులేదు. క్రింద గుర్తు పట్టుటకు నేల లేదు. కనుక వారు పూర్వపు నావికుల వలె నక్షత్రములను ఆశ్రయించినారు. సెక్స్‌టెంటు అను సాధనముతో ఒక నక్షత్రము క్షితిజము పైన ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి, అదే క్షణమున సరియైన కాలమును గుర్తిస్తే, విమానము భూమిపై ఒక వృత్తము మీద ఎక్కడో ఉన్నదని తెలుస్తుంది. రెండవ నక్షత్రమును కొలిస్తే మరొక వృత్తము వస్తుంది. అవి ఖండించుకొనే చోటే విమానము ఉన్న చోటు. కోణములో ఒక కళ, అనగా డిగ్రీలో 60వ భాగము, తప్పితే స్థానము ఒక నాటికల్ మైలు తప్పుతుంది. ఊగే విమానములో పది కళల తప్పు వచ్చుట వింత కాదు. అది 18 కిలోమీటర్ల పైమాట. భూమి తిరుగుతున్నది గనుక గడియారము నాలుగు సెకన్లు తప్పినా భూమధ్యరేఖ వద్ద ఒక నాటికల్ మైలు తప్పినట్లే.

ఈ అయిదు విమానములకు పెట్టిన పేర్లు కూడ దారి చూపే నక్షత్రముల పేర్లే: స్పైకా, అంటారిస్, అల్టెయిర్, వేగా, రైజెల్. వీటిలో నాలుగు మన పంచాంగము ఎరిగినవారికి పాత పరిచయములే. స్పైకా మన చిత్త. అంటారిస్ జ్యేష్ఠ. అల్టెయిర్ శ్రవణము. వేగా అభిజిత్తు. రైజెల్ మాత్రము మృగశిర, ఆర్ద్రలు గల ఒరాయన్ మండలములోని నీలకాంతి తార. ముహూర్తముల కొరకు మనవారు లెక్కించిన తారలే, మేఘములు విడిచిన రాత్రులలో, నడిసముద్రముపై ఆ వైమానికులకు మైలురాళ్లు అయినవి.

రెండు సూర్యోదయములు

శత్రువు సంచరించే ప్రాంతమును చీకటిలో దాటునట్లు ప్రయాణ కాలమును ఏర్పాటు చేసేవారు. ప్రయాణము ఒక రోజుకు మించినది గనుక ప్రయాణికులు గాలిలో ఉండగానే రెండు మారులు సూర్యోదయమును చూచేవారు. అందుచేత ఈ సేవకు ‘రెండు సూర్యోదయముల సేవ’ అని పేరు వచ్చినది. సముద్రము దాటిన ప్రయాణికులకు ‘రెండు సూర్యోదయముల రహస్య మండలి’లో సభ్యత్వము ఇచ్చినట్లు ఒక యోగ్యతాపత్రము కూడ ఇచ్చేవారు.

ఇక్కడ ఒక చిన్న విశేషము గమనింపదగినది. రెండు చోట్ల రేఖాంశముల తేడా దాదాపు 35½ డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పడుతుంది. కనుక పెర్త్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 2 గంటల 22 నిమిషములకు కొగ్గలలో మధ్యాహ్నమవుతుంది. పడమరకు పోవు ప్రయాణికుడు సూర్యునితో పాటు కొంత పరుగెత్తుతాడు గనుక అతనికి రెండు సూర్యోదయముల మధ్య కాలము 24 గంటలకు మించుతుంది. తూర్పునకు తిరిగి వచ్చువానికి 24 గంటలకు తగ్గుతుంది. గడియారము ఒకటే, ప్రయాణికుడు ఒకడే. రోజు పొడవు మాత్రము ప్రయాణ దిశను బట్టి మారినది.

1945 జూలై 18న ఈ కాటలీనాల సేవ ముగిసినది. అప్పటికి అవి 271 మారులు సముద్రమును దాటినవి. ఒక్క విమానమూ దారిలో నష్టము కాలేదు. యంత్రములను సరిచూచిన పనివారి శ్రద్ధ, లీటరు లీటరునకు లెక్కవేసిన గణితము, నక్షత్రములను కొలిచినవారి ఓర్పు ఇందుకు కారణము. యుద్ధము ముగిసిన పిదప, అమెరికాతో కుదిరిన ఒడంబడిక షరతుల ప్రకారము, ఈ విమానములను ఆస్ట్రేలియా తీరమునకు దూరముగా సముద్రములో ముంచివేసినారు.

దూరము అదే, కాలము వేరు

1944లోనే నాలుగు యంత్రముల లిబరేటర్ విమానములు కాటలీనాలకు తోడు వచ్చినవి. ప్రయాణము సుమారు 17 గంటలకు తగ్గినది; మోసే భారము ఎన్నో రెట్లు పెరిగినది. 1952లో క్వాంటాస్ పెర్త్ నుండి కోకోస్ దీవులు, మారిషస్‌ల మీదుగా దక్షిణాఫ్రికాకు సేవ ప్రారంభించినది. శాంతి కాలము వచ్చుటతో తెగిన మజిలీ తిరిగి అతికినది.

2018 మార్చిలో పెర్త్ నుండి లండనుకు ఎక్కడా ఆగని సేవ మొదలైనది. దూరము సుమారు 14,500 కిలోమీటర్లు. కాలము సుమారు 17 గంటలు. కాటలీనా దాటిన దూరమునకు రెండున్నర రెట్ల దూరము, దాదాపు సగము కాలములో! ఈ మార్గములో వాడిన బోయింగ్ 787–9 విమానమునకు బయలుదేరునపుడు గరిష్ఠ బరువు 254 టన్నులు. అది మోయగల ఇంధనము సుమారు 101 టన్నులు, అనగా నూటికి 40 వంతులు. కాటలీనాలో కూడ ఇంధనము నూటికి 40 వంతులే! ఇంధనపు వంతు మారలేదు. ఆ వంతుతో సాధించిన పని మారినది. నాడు ముగ్గురు ప్రయాణికులు. నేడు 236 ఆసనములు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి పలుచన గనుక ఎక్కువ వేగముతో పోయినా నిరోధము మితిమీరదు. జెట్ యంత్రములు ఇంధనము నుండి పూర్వము కంటె ఎక్కువ పని రాబట్టుచున్నవి. ఈ రెండే ముఖ్య కారణములు.

ఒక పాత చిక్కు మాత్రము పూర్తిగా పోలేదు. 787కు కూడ కాటలీనా వలె యంత్రములు రెండే. ఒకటి ఆగితే రెండవదానితో ఎంతసేపటిలో మరొక విమానాశ్రయమునకు చేరగలదో చూచి, ఆ పరిమితి దాటని దారిలోనే విమానమును పోనిస్తారు. రెండు యంత్రముల విమానములకు 60 నిమిషములుగా ఉన్న ఈ హద్దు 1985లో 120 నిమిషములైనది. తరువాత ఇంకను పెరిగినది. అందుచేత ఎవరూ దిగని దూరపు దీవి విమానాశ్రయము కూడ, ఎన్నడూ వాడని గొడుగు వలె, ఎన్నో ప్రయాణములకు ధైర్యమునిచ్చుచున్నది. కోకోస్ వంటి చోట్ల విలువ అక్కడ దిగినవారిని లెక్కపెట్టితే తేలదు.

రెండు మారుమూల విమానాశ్రయముల నడుమ దూరము కనుగొనుటకు ఒక గోళము, ఒక దారము చాలును. విద్యార్థులు ఇంటివద్దనే చేసి చూడవచ్చును. ఆ దూరమును వేగముతో భాగించి కాలము తెలిసినదని సంతృప్తి పడక, మరి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. గాలి ఎటు వీచుచున్నది? ఎంత ఇంధనము మోయవలెను? యంత్రము ఆగితే దిగుటకు దారిలో చోటున్నదా? 1943లో మూడవ ప్రశ్నకు జవాబు “లేదు” అన్నదే. అది తెలిసియే, తక్కిన రెండింటికి జవాబు సరిగా కట్టుకొని, కాటలీనా వైమానికులు 271 మారులు బయలుదేరినారు.